సముద్రము దాటించు కాగితములు

హైదరాబాదు బల్కంపేట ఎల్లమ్మతల్లి నేలమట్టమునకు దిగువన, బావిలో కొలువైయున్న దేవత. ఆషాఢమాసమున కల్యాణోత్సవము జరుగు మంగళవారమునాడు ఆ వీథులలో వాహనసంచారము స్తంభించును. బోనములును, పసుపును, వేపమండలును దప్ప వేరొకటి కంటికి ఆనదు. సంవత్సరములోని తక్కిన దినములయందు మాత్రము, 2025 వరకు, ఈ పేట పరిసరములను త్రొక్కుచుండిన యాత్రికులు వేరు. పదవ తరగతి మార్కుల జాబితా, ఆధారుకార్డు, పుట్టినతేదీ పత్రము, బ్యాంకు పాసుపుస్తకము ప్లాస్టికు ఫైలులో సర్దుకొని, వానికి రెండేసి జిరాక్సులు తీయించుకొని, సంజీవరెడ్డినగరము మీదుగా అమీర్‌పేటవైపు నడచిన యువతీయువకులు వారు. మైత్రీవనము చెంత కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు. దానికి సమీపమున ఆదిత్య ట్రేడ్ సెంటరునందు, 2025 లో మహాత్మాగాంధీ బస్‌స్టేషను మెట్రో ప్రాంగణమునకు తరలిపోవువరకు, పాస్‌పోర్టు సేవాకేంద్రము. క్రోశెడు దూరమున బేగంపేటయందలి పైగా ప్యాలెసులో 2008 నుండి 2023 వరకు అమెరికా కాన్సులేటు. ఆ ప్రక్కనే, 2008 మార్చిలో శంషాబాదు తెరువబడువరకు, దేశదేశములకు విమానములు పంపిన పాత విమానాశ్రయము. ఇవన్నియు ఒక్క కాలమున నున్నవి కావు. ఒకటి పోగా మరియొకటి వచ్చుచుండెను. అయినను విదేశయానమునకు వలయు విద్యయు, పత్రమును, అనుమతియు, వాహనమును ఇంత ఇరుకైన చోట గుమిగూడిన స్థలము తెలుగునాట వేరొకటి యున్నట్లు నేనెరుగను.

ఈ పత్రముల కథ మాత్రము హైదరాబాదున పుట్టినది కాదు. అది యానాము తీరమునను, కోరంగి రేవునను, చెన్నపట్టణపు కూలీ డిపోలయందును పుట్టి, రమారమి రెండువందల యేండ్లు సముద్రముపై తిరిగి తిరిగి ఇక్కడికి చేరినది. దానిని పరిశీలించిన కొలదియు నాకొక అభిప్రాయము దృఢపడుచు వచ్చినది. ప్రయాణికుని గుర్తించు పత్రమును ప్రయాణికుడెన్నడును కోరలేదు. అతని శ్రమను కొనినవాడును, అతడు దిగిన నేలను ఏలినవాడును తమ సౌకర్యముకొరకు కొన్ని గడులు గీసికొనిరి. ఆ గడులలో ఇమిడినంతమేరకే మనిషి సముద్రము దాటెను. ఇమడనిది ఊరనే నిలిచిపోయెను.

1828 లో యానామునుండి పదునైదుగురు తెలుగువారు ‘లా టర్కోయిజ్’ అను ఓడనెక్కి, ఆనాడు బుర్బోను దీవి యనబడుచుండిన రియూనియనునకు కూలి ఒడంబడికపై పోయిరి. ఫ్రెంచివారు బానిసత్వమును తుదముట్టించుటకు ఇంకను ఇరువదియేండ్లు గడువవలసియుండెను. ఆ దీవి నేటికిని ఫ్రాన్సు దేశమునకు చెందిన సముద్రాంతర భూభాగమే. అచ్చట ‘మలబారు’లనబడు భారతసంతతి కుటుంబములలో తెలుగు రక్తము కొంత కలసియున్నది. ఆంగ్లేయుల యేలుబడిలోని మారిషసునందు 1834 లో ఒడంబడిక కూలీల రాక ఆరంభమై, 1920 వరకు సాగి, సుమారు 4,62,000 మంది భారతీయులను ఆ చిన్న దీవిపై దింపినది. వారిలో గోదావరీతీరమునుండి కోరంగిమీదుగా పోయిన తెలుగువారు గణనీయముగ నుండిరి. 1839 నవంబరు తుపాను కోరంగిని తుడిచిపెట్టినను, ఆ రేవుపేరు మాత్రము సముద్రమునకు ఆవల చావలేదు. రంగూననబడు రంగములోనేమి, మారిషసులోనేమి, తెలుగువాడన్న ‘కోరంగి’ యని పిలుచుట చాలకాలము సాగెను.

అట్లు పోయినవాని చేతికిచ్చిన కాగితమునకు ఎమిగ్రేషన్ పాసు అని పేరు. నేటి పాస్‌పోర్టునకు పితామహుడని దానిని చెప్పుట తప్పు కాదు. అందలి గడులు ఇట్లుండెడివి: డిపో సంఖ్య, ఓడ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, దగ్గరి బంధువు, వివాహితుడైనచో ఎవరిని పెండ్లాడెను, జిల్లా, ఠాణా లేక తాలూకా, గ్రామము, ఎత్తు, శరీరముపై గుర్తులు. పురుషునకొక పాసు, స్త్రీకొక పాసు. క్రింద డాక్టరు ఒకడు ఈ మనిషికి శారీరక మానసిక రోగము లేదనియు, టీకా వేయబడెననియు వ్రాసి సంతకము చేయును. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అను ప్రభుత్వోద్యోగి, ఇతడు ఒడంబడిక షరతులు గ్రహించియే పోవుచున్నాడని మరియొక సంతకము చేయును. చదువురాని మనిషి తన కాగితముపై ఏమి వ్రాయబడెనో ఎరుగక దానిని చంకలో పెట్టుకొని ఓడనెక్కును. డిపోలయందు సంఖ్య చెక్కిన తగరపు బిళ్ళను మెడకు కట్టెడి వాడుకయు నుండెను. పేరు మరచినను, మార్చినను, ఒకే పేరుగల నలుగురు ఒకే ఓడలో నున్నను, సంఖ్య యొక్కటి తప్పక మనిషిని పట్టియిచ్చును.

శరీరముపై గుర్తుల గడిని నేను ప్రత్యేకముగ ఎన్నుదును. ఎడమ మోచేతిపై మచ్చ, నుదుట గాయము, రొమ్ముపై పచ్చబొట్టు, ముఖమున స్ఫోటకపు గుంటలు: తల్లి మాత్రమే ఎరుగదగిన ఈ వివరములు ఫోటోగ్రాఫు లేని కాలమున మనిషి చిత్తరువునకు బదులు నిలిచినవి. తోటనుండి కూలీ పరారియైనప్పుడు పత్రికలో ప్రకటన వేయుటకును, పోలీసు పట్టుకొన్నప్పుడు ఆనవాలు చెప్పుటకును ఆ గడి పనికివచ్చెడిది. పరారియగునని ముందుగనే యూహించి వ్రాసికొన్న గడి యది. 1860 అక్టోబరులో చెన్నపట్టణమునుండి బయలుదేరి నవంబరు 16 న డర్బను చేరిన ‘ట్రురో’ ఓడలోని 342 మందికిని ఇట్టి జాబితాయే వ్రాయబడెను. 1911 వరకు నేటాలునకు పోయిన 1,52,184 మందిలో అధికసంఖ్యాకులు మన చెన్నపట్టణపు రేవునుండియే పోయిరి. విశాఖపట్టణము, గోదావరి, ఉత్తరార్కాటు జిల్లాల పల్లెలపేర్లు ఆ పట్టికలలో కోకొల్లలు. ఫిజీకి చెన్నపట్టణమునుండి తొలి ఓడ ‘ఎల్బె’ 1903 లో పోయెను. ఆ ఓడవారికిని ఈ పాసులే.

ఇంటిపేరునకు ఆ పాసులో గడి లేదు. తెలుగువాని పేరునకు ముందు ఇంటిపేరుండుననియు, అది వాని గోత్రమును, సంబంధ బాంధవ్యములను తెలుపుననియు దొరగారి గుమాస్తాకు తెలియదు. తెలిసినను వానికి అక్కఱలేదు. వానికి కావలసినది తండ్రి పేరును కులమును. కావున దక్షిణాఫ్రికాలో నాయుడు ‘నాయిడూ’ యై వంశనామముగ స్థిరపడెను. రెడ్డి, చెట్టి అట్లే స్థిరపడిరి. సింహాచలపు అప్పన్న పేర పెట్టుకొన్న అప్పలసామి యొకడు మనుమల కాలమునకు ఒక యింటి వంశనామమై పోయెను. కొడుకునకు తండ్రి పేరే ఇంటిపేరైనది. కాలక్రమమున భాష పోయినది. ఇంటిపేరు పోయినందువలన, ఒకే యింటివారు తమలో తాము పెండ్లాడగూడదన్న నియమమును నిలుపుకొనుట సయితము దుర్ఘటమైనది. ఒక ఫారములో ఒక గడి లేకపోవుటచేత ఇంత జరుగునా యని సందేహించువారు, మన పెండ్లి సంబంధములలో పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్న యేదో తలచుకొందురు గాక.

పాసు ఓడనెక్కించి యూరకుండలేదు. ఓడ దిగిన పిదప అసలు పని ఆరంభించెను. రియూనియనులో కూలీ తన ‘లివ్రె’ యను చిన్న పుస్తకమును వెంటనుంచుకొని తిరుగవలెను. అందు యజమాని పేరు లేనివాడు దిమ్మరి. మారిషసు ప్రభుత్వము 1867 లో చేసిన శాసనము మరింత కఠినము. ఒడంబడిక తీరి స్వతంత్రుడైన పాత వలసదారుడు గూడ తన ఫోటోగ్రాఫు అతికించిన పాసును ఎల్లవేళల దగ్గరనుంచుకొని, పోలీసు అడిగిన తక్షణమే చూపవలెను. చూపనివాడు దిమ్మరిగ నిర్బంధింపబడును. ఛాయాచిత్రము సంపన్నుల విలాసముగ నుండిన కాలమున, లోకములో మొదట మొదట ఫోటోతో గుర్తుపత్రము మోసిన జనసమూహములలో మన కూలీలదొకటి. ఆ ఫోటోలు నేటికిని మోకా నగరమందలి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూటు దప్తరములలో భద్రముగ నున్నవి. కెమెరావైపు చూచు ఆ ముఖములలో ఉత్సాహము నాకు కానరాలేదు. 1871 లో అడాల్ఫ్ ద ప్లెవిట్స్ అను ఐరోపీయుడు వారి పక్షము వహించి, 9,401 మంది పాత వలసదారుల పేర గవర్నరునకు మహజరు సమర్పించగా, తోటల యజమానులు ఆయనపై మండిపడిరి. కాని మరుసటి సంవత్సరమే రాయల్ కమిషను దిగక తప్పినది కాదు.

ట్రాన్సువాలున వ్రేలిముద్రల కథ లోకవిదితము గనుక క్లుప్తముగ చెప్పుదును. వంగదేశమున 1858 నాటికే దొరతనమువారు పరీక్షించి చూచిన ఈ విద్య, బంగాళాపు పోలీసుల చేతిలో శాస్త్రరూపము దాల్చి, జోహన్నెస్‌బర్గునందు ఆసియావాసుల పది వ్రేళ్ళను కాగితముపై మోపించుటవరకు వెళ్ళినది. 1908 ఆగస్టు 16 న హమీదియా మసీదు ఆవరణములో గాంధీగారి యాధ్వర్యమున రెండువేలకు పైబడిన రిజిస్ట్రేషను పత్రములు అగ్నికి ఆహుతియైనవి. గుర్తింపు పత్రమును తిరస్కరించుటయే రాజకీయకార్యమైన ఘట్టమది. నేడు వీసా కోరువారనేకులు అవే పది వ్రేళ్ళను గాజుపలకపై మోపుచున్నారు. సిరా లేదు గనుక చేతికి మరక అంటుట లేదు.

కాగితమే అక్కఱలేని సముద్రయానమొకటి చాలకాలము మన తెలుగువారికి ఉండెనన్న సంగతి చాలమంది మరచిరి. అది రంగము. బర్మా 1937 వరకు బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రమే గనుక, కాకినాడలోనో, విశాఖలోనో, భీమునిపట్టణములోనో టిక్కెట్టు కొని డెక్కుమీద చాప పరచుకొన్నవాడు నాలుగైదు దినములలో రంగము రేవున దిగెడివాడు. అతని ఊరేది, తండ్రి ఎవరు, ఒంటిపై మచ్చలెన్ని అని అడిగినవాడు లేడు. వరిమిల్లులు, రేవులో బరువుమోత, రిక్షా: ఏటేట పంటకాలమునకు పోయి, పెండ్లిండ్లకు తిరిగివచ్చు వలస యది. మేస్త్రీ వద్ద తీసికొన్న అప్పు వేరు సంగతి. సంకెల యుండెను, దానిపై సంఖ్య మాత్రము లేదు. 1930 మే నెలలో రేవుకూలీల తగవుతో చెలరేగిన కల్లోలమున తెలుగువారనేకులు హతులైనప్పుడు గూడ, రాకపోకలకు అడ్డు రాలేదు. 1937 ఏప్రిలు 1 న బర్మా వేరుపడెను. 1941 జూలైలో ఇరుప్రభుత్వములు చేసికొన్న ఒప్పందముతో పర్మిట్లు పాస్‌పోర్టులు ప్రవేశించెను. ఆ డిసెంబరులోనే రంగముపై జపాను బాంబులు పడెను. 1942 లో ఆరకాను దారినో, మణిపురము కొండలదారినో కాలినడకను మరలిన నాలుగైదు లక్షల భారతీయులలో మనవారెందరో కలరు. 1964 లో బర్మాలో వ్యాపారములు జాతీయపరచబడగా తిరిగివచ్చిన కుటుంబములవలన విశాఖపట్టణము కంచరపాలెములో ‘బర్మా క్యాంపు’ వెలసెను. తరములనాడు కాగితము లేక పోయినవారి సంతతి, శరణార్థి పత్రములు పట్టుకొని వచ్చినది.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము పాస్‌పోర్టు లేకయే ఐరోపా ఖండములో అధికభాగము తిరిగివచ్చుట సాధ్యమై యుండెను. యుద్ధము ఆ సౌకర్యమును మ్రింగెను. 1920 లో నానాజాతి సమితి ప్యారిసులో సభ చేసి ముప్పదిరెండు పుటల పుస్తకమును ఆదర్శముగ నిర్ణయించినది. ఆ యేటనే ఇండియన్ పాస్‌పోర్టు చట్టము వచ్చినది. నిజాము రాజ్య ప్రజలు చట్టరీత్యా బ్రిటిషు ప్రజలు కారు. వారి పాస్‌పోర్టులమీద ‘బ్రిటిషు రక్షిత వ్యక్తి’ యను మాట ఉండెడిది. దానిని ఇచ్చు అధికారము నిజాము ప్రభువునది గాక, కోఠీలో రెసిడెన్సీని ఆశ్రయించి యుండిన బ్రిటిషు ప్రభుత్వముది. సొంత నాణెము, సొంత రైలు, సొంత తపాలాబిళ్ళ గలిగిన రాజ్యము తన ప్రజను తన ముద్రతో సముద్రము దాటింపజాలకుండుట, సార్వభౌమత్వమను మాటకు ఎంతవరకు అర్థమో తేటపరచును. 1948 సెప్టెంబరులో ఆ రాజ్యము భారతదేశమున చేరిన అనంతరము ఆ చిక్కు తీరినది. 1952 అక్టోబరునుండి పాకిస్తానునకు పోవుటకు గూడ పాస్‌పోర్టు వీసాలు రాగా, కరాచీలో అన్నయు హైదరాబాదులో తమ్ముడును గల పాతబస్తీ యింట మరియొక చిక్కు ఆరంభమైనది.

స్వతంత్ర భారతమున గూడ పాస్‌పోర్టు మొదట ప్రభుత్వానుగ్రహముగనే ఉండెను. ఇచ్చిన ఇచ్చినట్లు, కాదన్న కాదన్నట్లు. కారణము చెప్ప నక్కఱలేదు. అది దొరికినను, విదేశీమారకము కొరకు రిజర్వుబ్యాంకు ‘పి ఫారము’ లేక టిక్కెట్టు దొరకదు. అన్నియు దొరికి విమానమెక్కినవాని జేబులో ఎనిమిది డాలర్లు. ఈ ‘అనుగ్రహము’ను కొట్టివేసినవాడు రాజమహేంద్రవరమువాడు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, సత్వంత్‌సింగ్ సాహ్నీ దావాలో 1967 ఏప్రిలు 10 న అధికసంఖ్యాక న్యాయమూర్తుల పక్షమున తీర్పు చెప్పుచు, విదేశయాన స్వేచ్ఛ రాజ్యాంగపు 21 వ అధికరణములోని వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమనియు, చట్టము లేక దానిని నిరాకరింపగూడదనియు నిర్ణయించిరి. ఆ మరునాడే ఆయన పదవి విడిచి రాష్ట్రపతి యెన్నికలకు నిలిచిరి. ఎన్నికలో ఓడిరి, తీర్పు మాత్రము గెలిచినది. ఆ జూన్ నెలలోనే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టము చేయవలసివచ్చినది. నేడు పాస్‌పోర్టుకొరకు ఫైలు పట్టుకొని వరుసలో నిలుచువారికి ఆయన పేరు తెలియదు, తెలిసిన బాగుండును.

హక్కు అందరిది, పుస్తకము మాత్రము అందరిది ఒక్కటి కాదు. 1973 లో చమురు ధర పెరిగిన పిదప కరీంనగరము, నిజామాబాదు జిల్లాలనుండి గల్ఫుదేశములకు వలస హెచ్చినది. 1922 నాటి చట్టమునకు బదులు 1983 లో ఎమిగ్రేషన్ చట్టము వచ్చినది. పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాని పాస్‌పోర్టుపై ‘ఎమిగ్రేషన్ తనిఖీ కావలెను’ అను ముద్ర పడును. అతడు గల్ఫు మొదలగు దేశములకు కూలికి పోవలెనన్న ప్రభుత్వోద్యోగి యనుమతి పొందవలెను. ఆ యుద్యోగి బిరుదు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్! మారిషసు ఓడల కాలపు పేరును ఎవరును మార్చలేదు. మోసపోకుండ కాపాడుటకే యను సమాధానము నిజమే. ఆనాటి పాసుపై సంతకమునకు చెప్పిన కారణమును అదియే. అక్షరజ్ఞుడు తన్ను తాను కాపాడుకొనును, నిరక్షరుని సర్కారు కాపాడవలెనను ఆ పాత విభజన పదవ తరగతి పరీక్షగ రూపు మార్చుకొన్నది. అక్కడ దిగిన పిదప పాస్‌పోర్టు తరచు ‘కఫీలు’ అను యజమాని బీరువాలోనికి పోవును, చేతికి ‘అకామా’ అను నివాసానుమతి పత్రము వచ్చును. కఫీలును విడిచి పారిపోయి అకామా పోగొట్టుకొన్నవానిని మన పల్లెలవారు ‘ఖల్లివల్లి’ యందురు. వాడు ఇంటికి మరలవలెనన్న క్షమాభిక్ష ప్రకటింపబడినప్పుడు రాయబారకార్యాలయము చుట్టు తిరిగి ‘ఔట్‌పాస్’ అను ఒంటికాగితము సంపాదించుకొనవలెను. పుస్తకముతో పోయి కాగితముతో మరలుట: జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల ప్రతి ఊరను ఈ కథ గలవాడు ఒకడైన ఉండును.

అమీర్‌పేట యాత్రికుని కష్టము దీనితో పోల్చదగినది కాదు. అమెరికావారు 1990 లో చేసిన శాసనమునుండి హెచ్-1బి వీసా పుట్టినది; ఆ దశాబ్దపు చివర రెండువేల సంవత్సరపు లెక్కచిక్కు కంప్యూటర్లను బెదరించుటతో మైత్రీవనపు శిక్షణాలయములకు పంట పండినది. హైదరాబాదు కాన్సులేటు వీసాలిచ్చువరకు వానికొరకు చెన్నపట్టణమునకు రైలెక్కవలసియుండెను. పూర్వము ఓడ పట్టిన నగరమునకే ఇప్పుడు ముద్ర పట్టుటకు పోవుట చిత్రమే. చిలుకూరు బాలాజీకి ‘వీసా దేవుడు’ అను బిరుదు కలిగించినదియు ఆ కాలమే. అయితే ఈ విద్యావంతుడును పేరు గడివద్ద తడబడుచున్నాడు. బడిలో ఇంటిపేరు ఒక్క పొడియక్షరముగ వ్రాయబడినది. పాస్‌పోర్టు పొడియక్షరములను ఒప్పదు. ఇంటిపేరును విడదీసి వ్రాసిన మార్కుల జాబితాతో పొసగదు. వంశనామపు గడిని ఖాళీగ విడిచినచో అమెరికా వీసాపై మొదటిపేరు తెలియదను అర్థముగల మూడు పొట్టియక్షరములు ముద్రింపబడి, ఆ మనిషి కొలువులోను, బ్యాంకులోను, వైద్యశాలలోను ‘ఎఫ్.ఎన్.యూ.’ యను పేర పిలువబడును. నేటాలు గుమాస్తా కులమును పేరుగ చేసెను. ఇప్పటి యంత్రము పేరులేమినే పేరుగ చేయుచున్నది. పుట్టినతేదీకిని ఇట్టి పాటే. 1989 జనవరి 26 నాడో తరువాతనో పుట్టినవారు జనన ధ్రువపత్రమే చూపవలెనను నిబంధన 2016 చివర సడలినది. 2023 అక్టోబరు 1 న లేక అటుపిమ్మట పుట్టిన శిశువులకు తిరిగి ఆ పత్రమొక్కటే ప్రమాణమైనది. పుష్కరాలనాడు పుట్టెననియో, గాలివాన యేడు పుట్టెననియో చెప్పు అవ్వ సాక్ష్యమునకు చెల్లుబాటు ఏనాడును లేదు.

ఆ పాత పాసులకు ఇటీవల ఒక క్రొత్త ఉపయోగము కలిగినది. విదేశములందలి భారతీయ సంతతివారికి మన ప్రభుత్వమిచ్చు ఓసీఐ కార్డు మారిషసువారికి ఏడవ తరమువరకు ఇచ్చుటకు అనుమతించినట్లు 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఆ దేశమున ప్రకటించిరి. ఏడు తరముల క్రిందటి ముత్తవ్వకు ముత్తవ్వ భారతదేశమున పుట్టెనని రుజువు చేయుటెట్లు? మోకాలోని దప్తరములో పాసు సంఖ్య వెదకవలెను. సంఖ్య దొరికినచో తండ్రిపేరు, జిల్లా, తాలూకా, గ్రామము దొరకును. గ్రామము పేరును గుమాస్తా తనకు తోచినట్లు వ్రాసియుండును గనుక, దానిని బిగ్గరగ పలుమారులు పలికి చూచి, తూర్పుగోదావరిలోనో శ్రీకాకుళములోనో ఏ యూరు ఆ పలుకునకు దగ్గరగ నున్నదో విచారించవలెను. తెలుగు వ్రాయనేరని మారిషసు తెలుగువారు కొందరు ఈ పనికై మన గ్రామములకు వచ్చుచున్నారు. వారిని గ్రామకరణము స్థానమున నున్న ఉద్యోగులు మొట్టమొదట అడుగునది వారి యింటిపేరు.